కొత్త కవరు మీద ఆకు

ప్రొద్దుటూరులో సుధారాణి ఇంటి వెనక రేకుల షెడ్డు. ఎండ నడినెత్తిన ఉంది. చెనిక్కాయల పొడి కొట్టే బిస్మిల్లా బీ, ఆ పొడిని ఊళ్లకు పంపి అమ్మే సుధారాణి బల్లకు చెరో పక్క కూర్చున్నారు. మధ్యలో నాలుగు రకాల కవర్లు. అందులో ఒకటి ఏరుకోవడానికి ఇంతసేపు ఎందుకు పడుతోందో ఇద్దరిలో ఒకరికే తెలుసు.

“వాసన చూసి చెప్పక్కా. ఊరికే తిప్పి తిప్పి చూస్తాంటే ఎట్ల?”

“చూస్తాండా గదా సుధమ్మా. ముక్కు నాది, తొందర నీదా?”

“నాకేం తొందర లేదులే.”

“లేనిదానివి లేస్తాండావు, కూర్చుంటాండావు, వాకిలి పక్క చూస్తాండావు. ఎవురన్నా వస్తాండారా ఏంది?”

“ఎవురూ రారు. ఎండ గదా, రేకులు కాల్తాండాయి. అంతే.”

“రేకులు ఈపొద్దే కొత్తగా కాల్తాండాయా? సరే, ఇదేంది? ఈ కాగితం కవరు. బెంగళూరు స్టోరోళ్లు బాగుండాదన్నేది ఇదే గదా?”

“ఇదే. చూసేదానికి పల్లెటూరి సరుకు మాదిరి ఉంటాదంట.”

“బాగనే ఉండాది. చేతికి గరుగ్గా, మన చింతపండు పొట్లం లెక్క ఉండాది. ఇదే తీసుకుంటే పోలా?”

“చించి చూడక్కా.”

“చించేదా? మంచి కవరు ఎందుకు చించేది?”

“చించు. చూసినావా? లోపల సన్నంగా ప్లాస్టిక్కు అతికించినారు. కాగితానికి ఇదొకటి అంటుకోనుంటే ఎవురివల్లా యిడదీసేదానికి కాదు. అటు కాగితంలోనూ పోదు, ఇటు ప్లాస్టిక్కులోనూ పోదు. మోరీలోకే పోతాది.”

“మరి ఆ సంగతి స్టోరోళ్లకు తెలీదా?”

“తెలుసు. వాళ్లకు పైకి కనపడేదే కావాల.”

“థూ. అట్లయితే పాతది ఏం పాపం చేసింది? ఒద్దు, పక్కన పెట్టు. ఈ తెల్లదో? ఇది చేతిలో పెట్టుకుంటే ఉల్లిపొర మాదిరి ఉండాది.”

“అది మొక్కజొన్న పిండితో చేసిందంట. మన్నులో కలిసిపోతాదంట.”

“అబ్బ, అది గదా మంచిది! మన్నులోనిది మన్నులోకి పాయె.”

“మన మన్నులో కాదక్కా. దానికొక ఫ్యాక్టరీ ఉండాల. వేడి, తడి అన్నీ లెక్కగా పెట్టి మగ్గబెడితేనే కలుస్తాదంట. అట్లాంటిది మన పక్క యాడుంది? పెన్నలో పారేస్తే అదీ ప్లాస్టిక్కు మాదిరే పడుంటాది.”

“మరి కవరు మీద మన్నులో కలుస్తాదని రాసినారే?”

“రాస్తారు.”

“రాసేదానికేం… ఉండు, దీంట్లో పొడి ఎట్లయిందో చూస్తా. మేడ మీద ఎండకు పెడితిమి గదా అన్నిటినీ. ఛీ! ముక్కవాసన కొడతాంది సుధమ్మా. చూడు, నువ్వూ చూడు.”

“చూసినా. గాలి ఆపదు అది. నూనె గింజ గదా, చెనిక్కాయ ఓర్చుకోదు.”

“నా పొడి ఇట్ల వాసన రావడం నేను పుట్టినాక చూడలా. పారెయ్ తల్లీ. ఇంగ మిగిలింది పాతదీ, ఈ పాలరంగుదీ. నన్నడిగితే పాతదే మేలు. తళతళమంటాంటాది. ఎప్పుడు విప్పినా నిన్న కొట్టినట్లుంటాది.”

“అక్కా, మార్చమని గొడవ చేసిందే నువ్వు.”

“నేనే. కాదంటానా?”

“మూడు పొరలు దానికి. ప్లాస్టిక్కు, నడాన వెండి మాదిరి రేకు, మళ్ల ప్లాస్టిక్కు. కరగబెట్టేదానికి కాదని పాత సామాన్లోళ్లు గూడా దాన్ని ఏరుకోరు. పాలకవరు ఏరుకుంటారు, సీసా ఏరుకుంటారు, మన కవరు ఆడనే వదిలేసి పోతారు.”

“తెలుసులేమ్మా. నాకు చెప్తాండావా? ఆ వానొచ్చిన పొద్దు మోరీ నిండి రోడ్డు మీదికి పారె గదా. నేను మసీదు వీధిలో గోడ పట్టుకోని నడుస్తాండా. ఆ నల్లనీళ్లల్లో మన కవర్లు, వాటి మీద నా మొగం. ఒగటి కాదు, వరసగా వస్తాండాయి నా మొగాలు, కొంగు కప్పుకోని, నవ్వుకుంటా. ఒగదాని మీద పంది కాలు పెట్టి నిలబడింది.”

“అక్కా, ఇంగ ఒద్దులే ఆ మాట.”

“ఒద్దంటే పోతాదా? ఇంటికి పోయి అద్దంలో చూసుకోవాలంటే సిగ్గయ్యింది నాకు. ఆ పొద్దే నీ కాడికి వస్తి. కవరన్నా మార్చు, నా మొగమన్నా తీసెయ్ అంటి. అనలేదా?”

“అన్యావు. మొగం తీసెయ్యమని నువ్వే అన్యావు. బాగా గుర్తు పెట్టుకో అక్కా, నువ్వే అన్యావు.”

“గుర్తుంది గదా, ఎందుకంత వత్తి వత్తి చెప్తాండావు? సరే, ఈ పాలరంగుది చెప్పు.”

“ఇది ఒకే రకం ప్లాస్టిక్కు. ఎన్ని పొరలున్నా అన్నీ ఒకటే. కరగబెడితే మళ్ల బకెట్టో మగ్గో అయితాది. ఏరుకునేవాళ్లు ఏరుకుంటారు. హైదరాబాద్ పోయి, వాళ్లు కరగబెట్టేది నా కండ్లారా చూసొచ్చినా.”

“చూసేదానికి ఏం బాగలేదు. పేదగా ఉండాది.”

“చూసేదానికి కాదక్కా. వాసన చూడు.”

“ఊఁ… బాగుండాది. వేపిన వాసన అట్లనే ఉండాది. నాలుక మీద వేసుకుంటా ఉండు. ఆఁ, ఉప్పు, కారం, తెల్లగడ్డ, దేనికది తెలుస్తాంది. పాతదంత కాలం నిలబడతాదా?”

“అంత నిలబడదు. నాలుగు నెలలకు భయం లేదు. తేదీ తగ్గించి వేద్దాం.”

“నా పొడి నాలుగు నెలలు యాడ మిగులుతాది? అంతలోపలే తినేస్తారు. ఇదే ఖాయం చెయ్ సుధమ్మా. మంచి పని చేసినావు. మొన్న మా కూతురు ఆస్మాతో చెప్తాంటి, మీ సుధాంటీ మాదిరి ఒక పని పట్టుకుంటే అంతు చూసే ఆడమనిషి ఈ ఊర్లో లేదని.”

“అట్ల చెప్పద్దక్కా.”

“చెప్తే ఏం? నిజమే గదా. నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంటాది. ఏదీ, దీని మీద అచ్చు ఎట్ల వేస్తాండారు? చూపించు.”

“అది ఇంగా రాలేదు.”

“రాకపోవడమేంది? నీ సంచిలో చుట్ట చుట్టి పెట్టినావు గదా. వచ్చినప్పుడే చూస్తి.”

“అది ఉత్త శాంపులు.”

“శాంపులే చూపించు.”

“మజ్జిగ తాగుతావా? తెస్తా ఉండు.”

“తాగినా గదా ఇప్పుడే.”

“నిమ్మకాయ పిండి తెస్తా.”

“సుధమ్మా.”

“ఊఁ.”

“చూపించు.”

“చూడు. కోపం చేసుకోకుండా చూడు.”

“కోపమెందుకు? ఓహో, ఫోటో తీసేసినారు. మంచి పని! ఇంగ మోరీలో పడినా ఎవురిదో తెలీదు.”

“సిరా తగ్గించాలక్కా. సిరా ఎక్కువుంటే కరగబెట్టినప్పుడు ప్లాస్టిక్కంతా నల్లబడతాదంట. అందుకని…”

“పోనీలేమ్మా, నేనేమన్నా ఏడుస్తాండానా? ఆ ఫోటో వేసినందుకు మా బావ ఇస్మాయిల్ ఈపొద్దుటికీ మా గడప తొక్కలా. మా ఇంటి ఆడమనిషి మొగం అంగట్లో వేలాడతీసినారని. నేను ఒద్దు ఒద్దంటాంటే నువ్వే గదా బతిమాలితివి. అక్కా, నీ మొగం చూస్తేనే నమ్మి కొంటారంటివి.”

“అప్పుడు అన్యా.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు… సిరా గదా.”

“సరే, సరే. నాకు కండ్లద్దాలు లేవు, నువ్వు చూపించు. నా పేరు యాడుండాది?”

“వెనక తిప్పు.”

“వెనకా? వెనక అన్నీ చీమలబారు మాదిరి ఉండాయి. చదువు.”

“తయారు చేసిన తేదీ… బరువు… సుధారాణి ఫుడ్స్, ప్రొద్దుటూరు…”

“ఊఁ, నాది?”

“కస్టమర్ కేర్ నెంబరు…”

“నాది సుధమ్మా. బిస్మిల్లా బీ. యాడుండాది?”

“లేదక్కా.”

“లేదా? మర్చిపోయినారా?”

“మర్చిపోలేదు. సిరా…”

“నా పేరుకు ఎంత సిరా అయితాది? ఇదేంది మరి, ఈ పచ్చగా? నా అరచెయ్యంత ఉండాది.”

“అది ఆకు.”

“ఆకని కనపడతాంది. దానికి సిరా కాదా?”

“పర్యావరణం గుర్తక్కా అది. చూడంగానే ఈ కవరు మంచిదని తెలియాల గదా.”

“కవరు మంచిదని తెలియాల. లోపల పొడి ఎవురు కొట్టినారో తెలియద్దా? ఇది యాడి ఆకు? చెనిక్కాయ ఆకు గూడా కాదే!”

“కంప్యూటర్‌లో గీసింది. ఏ ఆకూ కాదు.”

“ఏ ఆకూ కానిదానికి అంత చోటు ఇస్తిరి. పైన పెద్ద అచ్చరాలు ఏంది? ఇవి నాకు కనపడతాండాయి. అమ్మ… చేతి… పొడి. ఎవురమ్మ?”

“అమ్మంటే అమ్మే. అందరికీ అమ్మ.”

“అందరికీ అమ్మను అయ్యేంత మందిని నేను కనలేదే. నాకు ఇద్దరే, జహీరు, ఆస్మా. ఎవురమ్మ సుధమ్మా?”

“వ్యాపారంలో అట్లాంటి పేర్లు పెడతారక్కా. పిలిచేదానికి సులువుగా ఉంటాది.”

“ఇప్పుడు పిలిచేదానికి ఎవురికి కష్టమయ్యింది? పులివెందుల బస్టాండు అంగట్లో ఏమడుగుతారు? బిస్మిల్లా బీ పొడి ఉందా అని గదా. వేంపల్లెలో ఆటోవాళ్లు గూడా అట్లనే అడుగుతారు. జమ్మలమడుగులో ఆ శెట్టెమ్మ, సుశీలమ్మ, కూతురికి కాన్పయితే పథ్యానికి నా పొడే కావాలని మనిషిని పంపిస్తాది. వాళ్లకేం చెప్తావు?”

“ఇదీ అదేనని చెప్తాం. నోటిమాటతో తెలిసిపోతాదిలే.”

“ఈడి ఊర్లకు పాత పేరుతో కొన్ని, బెంగళూరుకు నీ ఆకుతో కొన్ని వెయ్యమను.”

“అచ్చేసేవాళ్లు కొంచెం కొంచెం వెయ్యరక్కా. వేస్తే లారీ నిండా వేస్తారు. ఒకటే అచ్చు. అడిగి చూసినా.”

“అడిగినావా?”

“అడిగినా, నీ తోడు.”

“నా తోడు ఒద్దులే. మా పుట్టిల్లు కొండాపురం పక్కన. నీకు తెలుసు గదా, డ్యామ్ నీళ్లొచ్చి ఊరే లేకుండా పాయె. బస్సు మీద గూడా ఆ ఊరి పేరు రాయరు ఇప్పుడు. మా అబ్బ గోరీ నీళ్ల కింద ఉండాది. కవరు మీద నా పేరు చూసుకున్నప్పుడంతా, పోనీలే, మా అబ్బ పెట్టిన పేరు ఒకటన్నా గట్టున ఉండాదనుకుంటాంటి. నవ్వద్దు.”

“నవ్వడంలే అక్కా.”

“ఎవురు తియ్యమన్యారు?”

“ఎవురూ అనలేదు.”

“మీ మామనా? నాగభూషణం శెట్టినా?”

“ఆయనకు నీ పొడి లేంది ముద్ద దిగదు.”

“నా పొడి దిగుతాది. పేరు దిగదేమో.”

“అట్లనద్దక్కా, పెద్దాయన.”

“మీ ఆయన జయప్రకాషా?”

“అనుకో.”

“అనుకోవడమేంది? అవునా, కాదా?”

“అవుననే అనుకోక్కా. కోపం ఆయన మీదే పెట్టుకో. ఆయన పడతాడు.”

“మరి ఆ మాట వచ్చినప్పుడు నువ్వేమంటివి?”

“ఒద్దన్యా.”

“ఎన్నిసార్లు?”

“ఒకసారి.”

“ఒకసారి. అంతేనా నాకు నీ దగ్గరుండేది? ఈ షెడ్డులోనే గదా సుధమ్మా, మా ఆయన ఫకీర్ సాహెబ్ పోయిన కొత్తల్లో, మనిద్దరం కొవ్వొత్తి ముట్టించి, ఆక్సా రంపం బ్లేడు కాల్చి కవరు మూతులు అతికించింది. నీ వేలు కాలితే నా కొంగు తడిపి చుట్టితి. మీ ఇంట్లో నీతో మాట్లాడేవాళ్లు లేరు అప్పుడు. నాతో కలిసి కూర్చున్యావని నీకు పళ్లెం వేరే పెట్టిరి. గుర్తుందా?”

“గుర్తుంది.”

“అప్పుడు పళ్లెం వేరే పెట్టినా నువ్వు భయపడలా. ఇప్పుడు ఇంత దానివైనాక ఏంది నీకు భయం?”

“పేరు చూసి పెట్టేస్తాండారంటక్కా.”

“ఏంది?”

“బెంగళూరులో. చేతికి తీసుకుంటారంట. తిప్పి చూస్తారంట. పేరు చదివినాక మళ్ల అరలో పెట్టేస్తారంట. అందరూ కాదు. కానీ పెట్టేస్తాండారు.”

“నా పేరు చూసి? పొడి నోట్లో వేసుకోకుండానే?”

“విప్పితే గదా అక్కా తెలిసేది.”

“ఎవురు చూసినారు ఇదంతా?”

“చూసినవాళ్లు చెప్పినారు.”

“ఎవురు?”

“చూసినవాళ్లులే. స్టోరోళ్లు గూడా, ఈ సరుకు ఇట్లనే మిగిలిపోతే ఇంగ తీసుకునేది లేదన్యారంట. మన కాడ పనిచేసే ఆడోళ్లంతా ఆ బెంగళూరు ఆర్డరు మీదే గదా బతుకుతాండారు. నేనేం చెయ్యాల?”

“అంటే సిరా కాదు.”

“కాదు.”

“ఆ మాట మొదలే చెప్తే నేనేమన్నా చస్తానా? ఏడుద్దును. ఏడ్చి, సరే కానీ అందునేమో. ఇంతసేపూ నన్ను కూర్చోబెట్టి కవర్లు చించమంటివి. వాసన చూడమంటివి. పొడి నాకించితివి. కవరు నేనే ఏరుకున్నట్లు, నేనే బాగుండాదన్నట్లు చేస్తివి. దీనికంటే నా మొగం మోరీలో ఉన్నిందే మేలు. మోరీలో ఉన్నా నాదని తెలుస్తాండె.”

“అక్కా…”

“అక్కా అనద్దు. జహీరుకు ఫోన్ చేస్తా.”

“ఒద్దు.”

“బెంగళూరులోనే గదా ఉండాడు. స్టోర్ల చుట్టూ తిరిగి నా పొడి లోపల పెట్టించిందే వాడు. వాడికి తెలిస్తే నీ ఆకు, నీ అమ్మ, అన్నీ చించి పోగులు పెడతాడు.”

“పనిలో ఉంటాడక్కా. తర్వాత చెయ్. ఇంటికి పోయి చెయ్.”

“ఇప్పుడే చేస్తా. స్పీకర్ పెడతా, నువ్వూ విను. కన్నకొడుకంటే ఎట్లుంటాడో విను.”

“నీ కాళ్లు పట్టుకుంటా. నేను లేనప్పుడు మాట్లాడు.”

“కాళ్లు ఒదులు. ఏందిది, పెద్ద మనిషివి! కూర్చో. రింగవుతాంది.”

“హలో, అమ్మీ. చెప్పు.”

“జహీర్! తిన్యావా నాయినా? తెలుగులోనే మాట్లాడు. మీ సుధాంటీ పక్కనే ఉండాది, స్పీకర్ పెట్టినా.”

“ఆంటీ ఉండాదా?”

“ఉండాది. జహీర్, మన కవరు మీద నా పేరు తీసేసినారు రా. అబద్ధాలు చెప్పి, సిరా అనీ, ఆకనీ…”

“అమ్మీ, స్పీకర్ తీసెయ్.”

“తియ్యను. అడుగు. మా అమ్మ పేరు ఎందుకు తీసినారని అడుగు. నాకు నోరు రావడంలే, నువ్వు అడుగు.”

“తీసెయ్ అమ్మీ. మన ఉర్దూలో చెప్తా.”

“ఎందుకు? మనకేం దాపరికం? గట్టిగా అడుగు.”

“ఆంటీని ఏమీ అనద్దు. అంకుల్‌ను గూడా అనద్దు. తియ్యమనింది నేనే.”

“వినపడలా. ఏంది?”

“నేనే అమ్మీ. అరల కాడ నిలబడి రోజూ చూస్తాండా గదా. తీసుకుంటారు, చదువుతారు, పెట్టేస్తారు. నా పేరు చెప్తే మేనేజర్లు కూర్చోమనేవాళ్లు కాదు. ఇప్పుడు ఈడ అందరూ నన్ను జై అంటారు. జై వచ్చినాడంటే కాఫీ తెప్పిస్తారు.”

“జై…”

“ఆంటీ ఒప్పుకోలా మొదట. నేనే ఒప్పించినా. నీకు నేనే చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్యానో. నోరు రాలా.”

“పోనీ… పోనీలే నాయినా. పేరే గదా. నువ్వు బాగుంటే సరి. అమ్మ చేతి పొడి అని పెట్టినారు గదా, ఆ అమ్మను నేనే గదా. పేరు లేకుంటే ఏం, నీకు తెలుసు గదా.”

“అమ్మీ.”

“చెప్పు.”

“కొత్త కవరు చూసి స్టోరోళ్లు సంతోషపడినారు. మీ అమ్మను చూపించు జై, అంగడి గోడ మీద పెద్ద ఫోటో పెడతామన్యారు.”

“పెట్టమను! పాతది ఒద్దులే, దాంట్లో నీరసంగా ఉండా. పండగకు కట్టుకున్న చీరది ఉండాది గదా నీ ఫోన్లో. అది పంపు.”

“పంపించినా అమ్మీ. సుధాంటీది. బక్రీదుకొచ్చినప్పుడు, నువ్వు నాకు వంట చేస్తాంటే, ఆంటీని నీ రోలు కాడ కూర్చోబెట్టి తీసింది.”